ముందు మోటారు సంగతి తేల్చండి, గంటల సంగతి తర్వాత

బెంగళూరులో లిథియం బ్యాటరీ కొనడానికి వెళ్లిన మనవాళ్లు కొట్లో అడిగే మొదటి మాట, "ఎన్ని గంటలు బ్యాకప్ వస్తుంది?" కొట్లో మనిషీ దానికే సిద్ధంగా ఉంటాడు. ఫ్యాన్లెన్ని, లైట్లెన్ని, వైఫై ఉందా, టీవీ ఎన్ని ఇంచులు అని అడిగి, ఫోన్లో నాలుగు అంకెలు నొక్కి, "నాలుగు గంటలకి ఢోకా లేదు సార్" అంటాడు. ఆ లెక్కలో తప్పేమీ ఉండదు. బేరం మొదలవుతుంది, కాస్త తగ్గుతుంది, బ్యాటరీ ఆటో ఎక్కుతుంది. ఇంట్లో ఉన్న మోటార్ల ఊసు మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తరు.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. ఇంట్లోకెల్లా మొండి మోటారు కదిలే ఆ అర సెకనులో బ్యాటరీ ఎంత కరెంటు ఇవ్వగలదో ముందు చూడాలి. గంటల లెక్క ఆ తర్వాత. ఈ వరస తిరగబడితే ఎంత పెద్ద బ్యాటరీ కొన్నా చీకట్లో కూర్చునే రోజు వస్తుంది. ఇంకో మాట కూడా అంటాను, దీనికి డీలర్లు ఒప్పుకోకపోవచ్చు. చాలాచోట్ల రెండో బ్యాటరీకి డబ్బు పోసే కన్నా మోటారును దారికి తెచ్చుకోవడం చవక.

నేను పీణ్యలో యూపీఎస్‌లు, ఇన్వర్టర్లు టెస్ట్ చేసే పనిలో ఉన్నాను. అందుకని చుట్టాల్లో, స్నేహితుల్లో ఎవరింట్లో కరెంటు సామాను మొరాయించినా ఫోన్ నాకే వస్తుంది. మారతహళ్లిలో హాస్టల్ నడిపే నెల్లూరు జిల్లా అన్న ఒకాయన అలాగే ఫోన్ చేశాడు. నాలుగంతస్తులు, నిండా ఐటీ పిల్లలు. "తమ్ముడూ, బ్యాటరీ కొత్తది, ఇన్వర్టరు మంచిదే. మోటారేస్తే బిల్డింగంతా ఆరిపోతా ఉంది. ఒకోసారి ఏం కాదు, ఒకోసారి దెబ్బకి పోతాది. పిల్లోళ్లు నా మీదికొస్తా ఉండారు" అన్నాడు.

ఆయన దగ్గర 5 కేవీఏ లోడు మోయగల ఇన్వర్టర్ ఉంది, 48 వోల్టులది, లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రకం. దానికి నాలుగేళ్లపాటు నాలుగు 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ నిల్వ కొలత) ట్యూబులర్ బ్యాటరీలు, అంటే పాత లెడ్ యాసిడ్ రకం, సిరీస్‌లో ఉండేవి. అవి చచ్చుబడ్డాక డీలర్ వాటిని తీసేసి 51.2 వోల్టుల 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ ఒకటి పెట్టాడు. ఎందుకు ఒకటి చాలునో కూడా వివరంగానే చెప్పాడట. నాలుగు ట్యూబులర్లు కలిపి 7.2 కిలోవాట్ అవర్లు, కానీ వాటిని సగానికి మించి వాడితే ఆయుష్షు పోతుంది, కాబట్టి నికరంగా చేతికొచ్చేది 3.6. లిథియం 5.12 కిలోవాట్ అవర్లు, అందులో 90 శాతం వాడుకోవచ్చు, అంటే 4.6. బరువు పావు వంతు కూడా ఉండదు, డిస్టిల్డ్ వాటర్ గొడవ లేదు. ఇదంతా నిజమే. గంటల కోణంలో ఆ డీలర్ అమ్మింది మెరుగైన సరుకే.

పంపు స్టార్ట్ అయ్యేటప్పుడు మాత్రం పెట్టె "క్లిక్" మని ఆగిపోయేది. ఇన్వర్టర్ మెకానిక్ వచ్చి బ్యాటరీ లోపమన్నాడు. బ్యాటరీ వాళ్ల మనిషి వచ్చి ఫోన్లో యాప్ తెరిచి, సెల్స్ అన్నీ సమానంగా ఉన్నాయి, ఇన్వర్టర్ లోపమన్నాడు. ఇద్దరూ వాళ్ల వాళ్ల పెట్టె మూత మాత్రమే తెరిచి చూశారు. పంపు స్టార్టర్ డబ్బా మూత ఎవరూ తీయలేదు.

నేను మొదట అదే తీయించాను. సంపు నుంచి పైట్యాంకుకి నీళ్లెక్కించే 1 హెచ్‌పీ మోనోబ్లాక్ (మోటారు, పంపు ఒకే ముక్కగా ఉండేది) అది, సింగిల్ ఫేజ్, కెపాసిటర్‌తో స్టార్ట్ అయ్యే రకం. ఇక్కడ క్లాంప్ మీటర్ గురించి ఒక మాట. మామూలు క్లాంప్ మీటర్ వైరుకి తగిలించి మోటారేస్తే అంకె ఒక్కసారి పైకెగిరి పడిపోతుంది, అసలు కరెంటు ఎంతో అందులో తెలియదు. ఇన్‌రష్ మోడ్ ఉన్న మీటర్ కావాలి. అది కరెంటు ఎగసిన క్షణాన్ని పట్టుకుని మొదటి 100 మిల్లీసెకన్ల విలువను నిలిపి చూపిస్తుంది. బెస్కాం (బెంగళూరు కరెంటు సంస్థ) కరెంటు ఉన్నప్పుడే పంపు వేసి చూస్తే, తిరుగుతున్నప్పుడు 6.8 ఆంప్స్, స్టార్టింగ్‌లో 34. ఆశ్చర్యమేమీ లేదు. ఇండక్షన్ మోటారు ఏదైనా నిలకడ నుంచి లేచేటప్పుడు, మామూలుగా తీసుకునే దానికి 5 నుంచి 7 రెట్లు లాగుతుంది. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లే కదా అని కొట్లో లెక్కేస్తారు. ఆ 746 షాఫ్ట్ దగ్గర బయటికొచ్చే పని. చిన్న సింగిల్ ఫేజ్ మోటారు దానికోసం కరెంటు వైపు నుంచి వెయ్యికి పైగా వాట్లు తింటుంది, అదీ తిరగడం మొదలయ్యాక.

ఇప్పుడు ఆ 34 ఆంప్స్‌ని బ్యాటరీ వైపు నుంచి చూద్దాం. 230 వోల్టుల దగ్గర అది దాదాపు 7.8 కేవీఏ. స్టార్టింగ్‌లో పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో అసలు పవర్ ఎంత వంతో చెప్పే అంకె) తక్కువ, 0.7 అనుకుంటే అసలు పవర్ 5.5 కిలోవాట్లు. అంత లోడు మీద ఇన్వర్టర్ సామర్థ్యం 85 శాతం, బ్యాటరీ వోల్టేజ్ 50కి దిగిందనుకుంటే బ్యాటరీ నుంచి రావాల్సింది సుమారు 130 ఆంప్స్. అప్పటికే ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, సీసీ కెమెరాలు, నీళ్ల ఫిల్టర్ కలిపి 1.2 కిలోవాట్లు నడుస్తుంటే ఇంకో 27. మొత్తం 157. ఆ బ్యాటరీ కాగితంలో వెనక పేజీలో చిన్న అక్షరాల్లో ఉన్నది, నిరంతరం 100 ఆంప్స్, ఓవర్‌కరెంట్ కట్ 150. ఒకోసారి నడిచి ఒకోసారి పోవడానికి కారణం ఆ ఏడు ఆంప్స్ తేడాయే. ఆ క్షణంలో ఫ్రిజ్ కంప్రెసర్ ఆగి ఉంటే బతికిపోయేవాళ్లు, తిరుగుతూ ఉంటే చీకటి.

మరి ట్యూబులర్లున్నప్పుడు ఇదే పంపు ఇన్నేళ్లు ఎలా తిరిగింది? "అప్పుడు మోటారేస్తే ఫ్యాన్లు ఒక్క క్షణం నీరసపడేయి, అంతే తమ్ముడూ" అన్నాడాయన. జవాబు ఆ మాటలోనే ఉంది. లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఆపేవాడు ఎవరూ లేరు. 48 వోల్టులు 42కి జారినా సరే, అడిగినంత ఇచ్చుకుంటూ పోతుంది. అది దానికి హానే, కానీ అర సెకను హాని. కారు సెల్ఫ్ మోటారును తిప్పడానికి వందల ఆంప్స్ ఇచ్చేది ఆ చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీయే కదా. ఏహెచ్ తక్కువైనా ఊపు ఇవ్వగలదు. మన ఇళ్లలో ఇన్వర్టర్లు వచ్చినప్పటినుంచీ ఈ ధారాళమైన అలవాటు మీదే అన్ని అంచనాలూ కట్టుకున్నాం. అందుకే సర్జ్ (ఇలా ఒక్క క్షణం ఎగసే లోడు) గురించి అడగాలని ఎవరికీ తోచలేదు.

లిథియం పెట్టెలో సెల్స్‌కీ బయటి టెర్మినల్‌కీ మధ్య బీఎంఎస్ అనే కాపలా సర్క్యూట్ ఉంటుంది. ఎక్కువ బ్యాటరీల్లో కరెంటంతా అందులోని మాస్ఫెట్లనే ఎలక్ట్రానిక్ స్విచ్‌ల గుండానే బయటికి రావాలి. వంద మందికి సరిపడా సాంబారు వండి వడ్డనకి ఒక్క గరిటె పెట్టినట్టుంటుంది యవ్వారం. నిజానికి సెల్స్ తప్పు చాలా తక్కువ. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ను బ్యాటరీకి పనికొచ్చే పదార్థంగా 1997లో లోకానికి చూపించింది టెక్సస్ యూనివర్సిటీలో గుడెనఫ్ బృందం. ఆ పరిశోధన మీద ఆయన పేరుతో పాటు పాఢి, నంజుండస్వామి పేర్లు కూడా ఉంటాయి. అప్పట్లో వాళ్లే దీన్ని తక్కువ పవర్ బ్యాటరీలకు బాగుంటుందన్నారు, ఎందుకంటే ఆ పదార్థంలో కరెంటు సరిగ్గా పారదు. తర్వాత రేణువుల్ని సన్నగా చేసి కార్బన్ పూత వేశాక ఆ ఇబ్బంది తీరిపోయింది. ఇవాళ బస్సుల్ని లాగుతున్నది ఇదే కెమిస్ట్రీ. అర సెకను పాటు 100 ఏహెచ్ సెల్ నుంచి 150 ఆంప్స్ తీయడం దానికి పెద్ద శ్రమ కాదు. ఆపేది బీఎంఎస్. ఎన్ని మాస్ఫెట్లు పెట్టారు, వాటి వేడి పోవడానికి ఎంత అల్యూమినియం పెట్టారు, సాఫ్ట్‌వేర్‌లో ఏ అంకె రాశారు అన్నదాన్ని బట్టి ఒకే 100 ఏహెచ్ పేరుతో మూడు రకాల బ్యాటరీలు దొరుకుతాయి. ఎస్పీ రోడ్డులో రెండు కొట్లు తిరిగి రెండు డేటా షీట్లు అడిగి చూడండి, ఏహెచ్ ఒకటే ఉంటుంది, ఆంప్స్ వేరుగా ఉంటాయి. షీట్ లేదంటే ఆ కొట్టు వదిలేయండి.

బీఎంఎస్‌లో కట్ ఒక్కటి కాదు, అంచెలుంటాయి. నిరంతర పరిమితి దాటితే కొన్ని సెకన్లు ఓర్చుకుని ఆపుతుంది. దానిపైన ఇంకో గీత ఉంటుంది, అది దాటితే సెకనులో చిన్న భాగం కూడా ఆగదు. షార్ట్ సర్క్యూట్ అనిపిస్తే మైక్రోసెకన్లలో తెంపేస్తుంది. అందుకని "పీక్ 200 ఆంప్స్" అని రాసి ఎంతసేపో రాయకపోతే ఆ అంకెకి విలువ లేదు. 200 ఆంప్స్ పది సెకన్లు ఇచ్చే బ్యాటరీ పంపును లేపుతుంది, 50 మిల్లీసెకన్లు ఇచ్చేది లేపలేదు. తెంపాక ఏమవుతుందో కూడా అడగాలి. కొన్ని నిమిషంలోపు వాటంతటవే తిరిగి కలుపుకుంటాయి. కొన్ని రెండు మూడు సార్లు ట్రిప్ అయితే మొండికేసి, ఎవరైనా బటన్ నొక్కేదాకానో ఛార్జర్ తగిలేదాకానో లేవవు. రాత్రి పన్నెండింటికి హాస్టల్ మేడ మీద ఆ బటన్ ఎక్కడుందో వెతకడం ఎలా ఉంటుందో ఆ అన్నని అడగండి.

క్లాంప్ మీటర్ బ్యాటరీ వైపు చూపే ఆంప్స్‌ని కూడా పూర్తిగా నమ్మకూడదు. సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ 50 హెర్ట్జ్ ఏసీ ఇస్తున్నప్పుడు బ్యాటరీ నుంచి తీసుకునే కరెంటు సమంగా ఉండదు, సెకనుకి 100 సార్లు ఎగసి పడుతుంది. మీటర్ చూపేది సగటు. శిఖరం దానికన్నా బాగా పైన ఉంటుంది, ముఖ్యంగా ఇన్వర్టర్ ఇన్‌పుట్‌లో కెపాసిటర్లు పొదుపుగా పెట్టినప్పుడు. బీఎంఎస్ సగటును చూస్తుందో శిఖరాన్ని చూస్తుందో దాన్ని చేసినవాళ్లకే తెలియాలి. అందుకే నేను లెక్కలో వచ్చిన అంకె మీద కనీసం పావు వంతు అదనంగా వేసుకుంటాను. ఇది పుస్తకంలో సూత్రం కాదు, టెస్ట్ బెంచి మీద చూసి చూసి పెట్టుకున్న నా అలవాటు.

ఇక ఇన్వర్టర్ లేబుల్. "5 కేవీఏ, సర్జ్ 10 కేవీఏ" అని ఉంటుంది. ఆ రెండో అంకె ఇన్వర్టర్ తరఫున ఇచ్చిన మాట మాత్రమే, దాన్ని నిలబెట్టాల్సింది బ్యాటరీ. 10 కేవీఏ అసలు పవర్‌గా వస్తే 48 వోల్టుల బ్యాటరీ 200 ఆంప్స్‌కి పైగా ఇవ్వాలి. అంత దాకా ఎందుకు, 5 కిలోవాట్లు నిరంతరంగా లాగినా 106 ఆంప్స్ దాటుతుంది, బ్యాటరీ ఖాళీ అయ్యేకొద్దీ వోల్టేజ్ తగ్గి అది 113 అవుతుంది. అంటే 100 ఆంప్స్ బీఎంఎస్ ఉన్న ఒక్క బ్యాటరీ 5 కిలోవాట్ల ఇన్వర్టర్‌కి సర్జ్ సంగతి దేవుడెరుగు, మామూలు ఫుల్ లోడుకే చాలదు. అయినా ఈ జత ఊరంతా అమ్ముతున్నారు, హాస్టల్లో ఎవరూ 5 కిలోవాట్లు వాడరు కాబట్టి గుట్టు బయటపడదు.

సర్జ్ ఎంతసేపన్నది ఇన్వర్టర్ రకాన్ని బట్టి మారుతుంది. పాతకాలం బరువు ట్రాన్స్‌ఫార్మర్ ఇన్వర్టర్లు రెండు రెట్ల లోడుని కొన్ని సెకన్లు మోస్తాయి, ఇనుము, రాగి అంత త్వరగా వేడెక్కవు. గోడకి తగిలించే తేలికపాటి ట్రాన్స్‌ఫార్మర్‌లెస్ హైబ్రిడ్‌లలో చాలావాటికి అదే రెండు రెట్ల అంకె ఉంటుంది గానీ, ఓపిక చాలా తక్కువ. మోటారు దగ్గర ఇంకో చిక్కుంది. ఇన్వర్టర్ నీరసించి వోల్టేజ్ 70 శాతానికి పడితే మోటారు టార్క్ (తిప్పే బలం) 70 కాదు, 49 శాతానికి పడుతుంది, వోల్టేజ్ వర్గానికి తగ్గట్టు. అర సెకనులో లేవాల్సిన పంపు రెండు సెకన్లు మూలుగుతుంది, ఆ రెండు సెకన్లూ స్టార్టింగ్ కరెంటే లాగుతూ ఉంటుంది. కొలిచినప్పుడు అర సెకనే ఉంది కదా అని ధీమాగా ఉంటే, బలహీనమైన సప్లై మీద అదే సర్జ్ నాలుగింతలు సాగుతుంది.

బ్యాటరీ సగానికి పైగా ఉన్నప్పుడు లేచిన పంపు, పది పదిహేను శాతం ఉన్నప్పుడు లేవకపోవచ్చు. అప్పుడు ట్రిప్‌కి కారణం ఓవర్‌కరెంట్ కాదు, ఏదో ఒక్క సెల్ వోల్టేజ్ ఆ కుదుపులో కనీస గీత కిందికి జారడం. పదహారు సెల్స్‌లో అన్నిటికన్నా నీరసమైనది ఏదో, బ్యాటరీ బలం అంతే. హాస్టళ్లలో వాటర్ లెవెల్ కంట్రోలర్ తెల్లవారుజామున పంపు వేస్తుంది, అందరి స్నానాలూ అప్పుడే కాబట్టి. రాత్రంతా కరెంటు లేకపోతే బ్యాటరీ అడుగంటేదీ అప్పుడే.

దీనికి డీలర్ చెప్పే మందు, ఇంకో బ్యాటరీ ప్యారలల్‌లో పెట్టండి. పనిచేస్తుంది, కాదనను. 157 ఆంప్స్ రెండు పెట్టెలకి 78 చొప్పున పంచుకుంటే హాయిగా ఉంటుంది. కానీ ఆ పంపకం వాటంతటవి సమానంగా జరగదు. రెండింటి కేబుళ్లూ ఒకే పొడవు, ఒకే మందం ఉండాలి, బస్‌బార్‌కి (కేబుళ్లు కలిసే లోహపు పట్టీకి) రావాలి, ఇన్వర్టర్ ప్లస్ ఒక కొస నుంచి, మైనస్ రెండో కొస నుంచి తీయాలి. ఒకదాని లగ్గు (కేబుల్ కొస బిగింపు) వదులుగా ఉంటే రెండోది ఎక్కువ మోస్తుంది, అది ట్రిప్ అవుతుంది, ఆ మరుక్షణం మొత్తం 157 మొదటిదాని మీద పడి అదీ పడిపోతుంది. రెండు బ్యాటరీలున్నా చీకటే. పైగా హాస్టల్‌కి ఆ అదనపు గంటలతో పని లేదు, అక్కడ మామూలుగా కరెంటు పోయేది గంటో రెండు గంటలో. వాడని గంటలకి డబ్బు కట్టి అర సెకను కొనుక్కోవడం అది.

వోల్టేజ్ గురించి కూడా ఒక భ్రమ ఉంది. "48 వోల్ట్ సిస్టమ్‌కి మారితే సర్జ్ బాగా తట్టుకుంటుంది" అంటారు. అవే సెల్స్‌ని 12.8 వోల్టుల 200 ఏహెచ్‌గా కలిపినా, 51.2 వోల్టుల 50 ఏహెచ్‌గా కలిపినా శక్తి ఒకటే, ఒక్కో సెల్ మీద పడే భారమూ ఒకటే. పెరిగిన బలమేమీ లేదు. లాభమల్లా తీగల్లో. 12 వోల్టుల మీద 2 కిలోవాట్ల సర్జ్ అంటే 180 ఆంప్స్. రెండు మీటర్ల దూరంలో బ్యాటరీ, 16 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ అనుకుంటే, రానూపోనూ కేబుల్‌లోనే ముప్పావు వోల్టు పోతుంది. 12లో ముప్పావు పెద్ద నష్టం, 48లో అదే నష్టం లెక్కలోకి రాదు, పైగా అక్కడ కరెంటే నాలుగో వంతు. ఫ్లాట్లలో బాల్కనీలో బ్యాటరీ పెట్టి హాల్లో ఇన్వర్టర్ పెట్టే పద్ధతి లిథియంతో మానుకోవాలి. ఎలాగూ నీళ్లు పోసే పని, యాసిడ్ వాసన లేవు, పక్కపక్కనే పెట్టుకోవచ్చు. అన్నట్టు, ఇంట్లో మిగిలిన ఏసీ ఎంసీబీని బ్యాటరీ వైపు బిగించే ఎలక్ట్రీషియన్లు ఇంకా ఉన్నారు. ఏసీ కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి ఆర్క్ (తెగినచోట లేచే మెరుపు మంట) ఆరిపోతుంది. డీసీ సున్నాకి రాదు, ఆర్క్ మండుతూనే ఉంటుంది. డీసీ రేటింగ్ ఉన్న ఫ్యూజో బ్రేకరో తప్పనిసరి.

ఇంకో రకం సర్జ్ ఉంది, దానికీ మోటార్లకీ సంబంధం లేదు. కొత్త బ్యాటరీని మొదటిసారి ఇన్వర్టర్‌కి తగిలించగానే ఇన్వర్టర్ లోపలి ఖాళీ కెపాసిటర్లు ఒక్కసారిగా నిండుతాయి. లగ్గు దగ్గర నిప్పురవ్వ లేస్తుంది, బీఎంఎస్ దాన్ని షార్ట్ సర్క్యూట్ అనుకుని తెంపేస్తుంది. బ్యాటరీ డెడ్ అని వాపసు వెళ్లిన వాటిలో ఇలాంటివీ ఉంటాయి. కొన్ని సెకన్లు ఒక రెసిస్టర్ గుండా నింపి తర్వాత నేరుగా కలిపితే సరిపోతుంది, మంచి బ్యాటరీల్లో ఆ ప్రీఛార్జ్ లోపలే ఉంటుంది.

హాస్టల్ అన్నకి నేనిచ్చిన సలహా, పంపు మార్చమని. ఆయనకి ముందు నచ్చలేదు. "బ్యాటరీ ట్రిప్పయితే పంపు మార్చమంటావేంది?" అన్నాడు. ప్రతిపాదన ఇదీ. సింగిల్ ఫేజ్ మోనోబ్లాక్ తీసేసి అదే 1 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోనోబ్లాక్ పెట్టడం, దాని ముందు సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే చిన్న వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) పెట్టడం. వీఎఫ్‌డీ మోటారును సున్నా హెర్ట్జ్ నుంచి మెల్లగా 50కి తీసుకెళ్తుంది. స్టార్టింగ్ కరెంటు అన్నదే ఉండదు, ఐదారు సెకన్లలో నెమ్మదిగా పెరిగి రన్నింగ్ కరెంటు దగ్గర ఆగుతుంది. ఉన్న మోటారుకే వీఎఫ్‌డీ పెట్టేద్దామంటే కుదరదు, కెపాసిటర్ స్టార్ట్ మోటార్లకి అది సరిపడదు. త్రీ ఫేజ్ మోటారు కొనేటప్పుడు కూడా టెర్మినల్ బాక్సులో ఆరు కొసలు బయటికొచ్చి ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఈ వీఎఫ్‌డీ ఇచ్చేది 230 వోల్టుల త్రీ ఫేజ్, మన చిన్న మోటార్లు 415కి స్టార్‌లో కట్టి వస్తాయి. లింకులు మార్చి డెల్టాలో (చుట్లను కలిపే రెండో పద్ధతిలో) పెట్టాలి. పెట్టకపోతే పంపు తిరిగినట్టే తిరిగి నీళ్లు పైకెక్కవు, మళ్లీ నిందంతా బ్యాటరీ మీదికే వెళ్తుంది.

అంతా కలిపి రెండో బ్యాటరీ ధరలో చిన్న వంతుకే తేలింది. పాత మోనోబ్లాక్ ఊరికి, పొలంలో తొట్టి నింపడానికి పోయింది. ఇప్పుడు పంపు లేచేటప్పుడు బ్యాటరీ వైపు 50 ఆంప్స్ చుట్టుపక్కలే ఉంటుంది, ఫ్రిజ్ తిరుగుతున్నా సరే.

అందరికీ ఇదే మందు అనను. మద్రాసులో మా బావ వాళ్లది వేళచ్చేరి. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానుకి అక్కడ కరెంటు గంటల లెక్కలో కాదు, రోజుల లెక్కలో పోయింది. ఆయన గంటలు అడగడం ముమ్మాటికీ న్యాయం, ఆయనకి కావాల్సింది పెద్ద బ్యాటరీయే, అదీ నీళ్లు అందనంత ఎత్తున. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు ఉన్న ఫ్లాటుకైతే ఈ గొడవే లేదు, అక్కడ మిక్సీ ఒక్కటే చూసుకోవాల్సింది. 750 వాట్ల మిక్సీ స్టార్టింగ్‌లో దానికి రెండింతలు లాగితే 12 వోల్టుల బ్యాటరీ 140 ఆంప్స్‌కి పైగా ఇవ్వాలి. కరెంటు వచ్చేదాకా పచ్చడి ఆగితే కొంప మునగదు. ఫ్రిజ్ ఇన్వర్టర్ కంప్రెసర్ రకమైతే అది మెల్లగానే లేస్తుంది, పాత రకమైతే ఒక్క క్షణం వెయ్యి వాట్ల దాకా పోతుంది. ఇన్వర్టర్, లిథియం ఒకే డబ్బాలో వచ్చే సెట్లు కొనేవాళ్లకీ ఈ లెక్కలు అక్కర్లేదు, ఆ జత కుదర్చడం కంపెనీ పని. విడిగా ఇన్వర్టర్ ఉంచుకుని బ్యాటరీ మాత్రం మార్చుకునేవాళ్లే జాగ్రత్తపడాలి, ఈ ఊళ్లో నాకు ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే.

కొట్లోకి వెళ్లేముందు పంపు, ఫ్రిజ్, గ్రైండర్ నేమ్‌ప్లేట్లు ఫోటో తీసుకోండి. వీలైతే ఎలక్ట్రీషియన్‌తో పంపు ఇన్‌రష్ కొలిపించండి. కొట్లో నిరంతర ఆంప్స్ ఎంత, పీక్ ఎంత, ఎన్ని సెకన్లు, ట్రిప్ అయితే దానంతటదే లేస్తుందా, ఎన్ని ప్యారలల్ పెట్టొచ్చు అని అడగండి, జవాబు నోటితో కాకుండా కాగితం మీద చూపించమనండి. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి, డబ్బులు మనవి.

మొన్న ఆ అన్న మళ్లీ ఫోన్ చేశాడు. "పంపు బెమ్మాండంగా ఉంది తమ్ముడూ. లిఫ్ట్ కూడా దీని మీదికే ఎక్కిద్దామా? దానికీ డ్రైవ్ ఉండాదంట గదా" అని. డ్రైవ్ ఉంటే స్టార్టింగ్ భయం లేదు, నిజమే. కానీ లిఫ్ట్‌లో చిక్కు ఎదురు దిక్కు నుంచి వస్తుంది. నిండుగా కిందికి దిగేటప్పుడు, ఖాళీగా పైకి పోయేటప్పుడు కౌంటర్‌వెయిట్ వల్ల మోటారే జనరేటరై కరెంటు వెనక్కి తోస్తుంది. డ్రైవ్‌లో బ్రేకింగ్ రెసిస్టర్ ఉంటే ఆ కరెంటు వేడిగా పోతుంది. రీజెనరేటివ్ రకమైతే నేరుగా ఇన్వర్టర్ మీదికొస్తుంది, దాన్ని బ్యాటరీకి మళ్లించుకునే తెలివి అన్ని ఇన్వర్టర్లకీ లేదు. లిఫ్ట్ డ్రైవ్ మాన్యువల్ చూడందే ఊ అననని చెప్పాను. మాన్యువల్ లిఫ్ట్ కంపెనీ దగ్గరుంది, ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) కట్టలేదు కాబట్టి వాళ్లు ఇచ్చేది లేదంటున్నారట. ప్రస్తుతానికి లిఫ్ట్ జనరేటర్ మీదే నడుస్తోంది.